సెన్సార్ మార్చేముందు మీటర్ పట్టండి

(విజయవాడ ఆటోనగర్‌లో కార్ల యజమానులు, ఐటీఐ విద్యార్థుల ముందు ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది తెనాలి, ఏలూరు, గుడివాడ నుంచి కార్లు వేసుకుని వచ్చారు. చీకటి పడకముందే తిరిగి వెళ్ళాలి. అందుకని నేరుగా విషయానికి వస్తాను.

ఈ బిస్కెట్ డబ్బా చూడండి. ఇందులో ఉన్నవన్నీ సెన్సార్లే. పొద్దున లెక్కపెట్టాను, 22 ఉన్నాయి. ఆక్సిజన్ సెన్సార్లు, కూలెంట్ టెంపరేచర్ సెన్సార్లు, ఇంజన్లోకి వెళ్ళే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్లు. ‘ఇది పోయింది, కొత్తది వేయాలి’ అని ఎక్కడో ఒక షెడ్డులో విప్పేసినవి. కొత్తది వేసినా మైలేజీ రాక ఆ కార్లు చివరికి నా దగ్గరికి వచ్చాయి. పాత ముక్కను డిక్కీలో దాచుకున్న ప్రతి యజమానినీ అడిగి తీసుకున్నాను. మీటర్ పెట్టి చూసి ఈ డబ్బాలో వేశాను. ఈ 22లో నిజంగా చచ్చిపోయినవి 6. మిగతా 16 ఇప్పుడు బిగించినా పనిచేస్తాయి.

ఈ డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. పాత కారు వాడేది ఎవరండీ? జీతం మీద బతికేవాళ్ళు, రిటైరైనవాళ్ళు, చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళు. వాళ్ళ దగ్గర అవసరం లేని పార్టుకి మూడు వేలు, నాలుగు వేలు తీసుకోవడం, ఆ తర్వాత కూడా కారు అలాగే పెట్రోల్ తాగడం... ఇది ఆగాలి. ఇక్కడ కూర్చున్న కుర్రాళ్ళు తలుచుకుంటే ఆగుతుంది. అందుకే వచ్చాను.

ముందు ఒక్క మాట స్పష్టంగా అనుకుందాం. సెన్సార్ పెట్రోల్ పోయదు. అది కబురు మోస్తుంది, అంతే. పోసేది ఇంజెక్టర్, ఎంత పోయాలో చెప్పేది ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్. మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇంజన్లోకి ఎంత గాలి వస్తోంది, ఇంజన్ చల్లగా ఉందా వేడెక్కిందా, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది అనే కబుర్లు సెన్సార్లు తెస్తాయి. వాటిని బట్టి ఈసీయూ ఇంజెక్టర్‌ను ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచాలో లెక్క కడుతుంది. కబురు తప్పైతే లెక్క తప్పుతుంది, అది నిజమే. కానీ కబురు నిజమై, ఇంజన్లోనే లోపం ఉంటే? అప్పుడు సెన్సార్‌ను మార్చడం అంటే, టెలిగ్రామ్‌లో చెడు వార్త వచ్చిందని పోస్ట్‌మ్యాన్‌ను మార్చమన్నట్టే.

కారు యజమానులకు ఒక మనవి. ‘మైలేజీ పడిపోయింది’ అని వచ్చేముందు దాన్ని సరిగ్గా కొలవండి. డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకెను నమ్మొద్దు. ఒక బంకులో పంపు తనంతట తాను ఆగేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి కిలోమీటర్లు రాసుకోండి. కనీసం 300 కిలోమీటర్లు మామూలుగా మీరు తిరిగేలాగే తిరగండి. మళ్ళీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, అలాగే ఫుల్ కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా రెండుసార్లు చేస్తే నమ్మదగిన అంకె వస్తుంది. టైర్లలో గాలి కూడా అప్పుడే చూడండి, తెల్లారి చల్లటి టైర్లకు, డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత. 32 ఉండాల్సిన చోట 24తో తిరుగుతూ ఆక్సిజన్ సెన్సార్ గురించి అడిగినవాళ్ళను చాలామందిని చూశాను.

సరే, ఇప్పుడొక పని చేసి చూపిస్తాను. బాబూ, ఆ ఫ్లాస్కు, స్టీలు గ్లాసు ఇలా ఇవ్వు. ముందు వరసలో ఉన్నవాళ్ళు కొంచెం దగ్గరికి రండి.

ఇది కూలెంట్ టెంపరేచర్ సెన్సార్. ఈ డబ్బాలోదే. ఇత్తడి ఒళ్ళు, వెనక రెండు పిన్నుల కప్లర్. లోపల ఉన్నది ఒక చిన్న థర్మిస్టర్. చల్లగా ఉంటే దాని రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టాను. రెండు పిన్నులకీ ప్రోబులు ఆనించాను. ఎంత చూపిస్తోంది? పైకి చదువు. ఆ... 1.6 కిలో ఓమ్‌లు. ఈ హాల్లో 31 డిగ్రీలుంది కాబట్టి సరిపోయింది. 20 డిగ్రీల దగ్గరైతే ఈ రకం సెన్సార్ రెండున్నర కిలో ఓమ్‌ల దాకా చూపిస్తుంది. ఇప్పుడు ఫ్లాస్కులో వేడినీళ్ళు గ్లాసులో పోసి, ఇత్తడి భాగం మాత్రమే మునిగేలా పట్టుకుంటున్నాను. కప్లర్ తడవకూడదు. చూస్తుండండి. 1.1... 800... 500... 400... ఇక నెమ్మదించింది. 330. థర్మామీటర్ ఎంతంటోంది? 79. అంతే, 80 దగ్గర 300 చిల్లర రావాలి, వచ్చింది. మధ్యలో ఎక్కడా ఎగిరిపడలేదు, ఆగిపోలేదు. ఇది బంగారంలాంటి సెన్సార్. దీన్ని పాడైందని తీసేశారు! ఈ పరీక్షకు పట్టింది రెండు నిమిషాలు. కావలసింది టీ పెట్టుకునే వేడినీళ్ళు.

ఇది ఎవరి కారులోదో చెప్తాను. ఆ కథలో మైలేజీ గురించి తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

పోయిన ఏడాది తెనాలి వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. 2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు. కొన్న కొత్తలో లీటరుకు 16, 17 ఇచ్చేది. ఇప్పుడు 12.4. ఆయన నోట్‌బుక్కులో తేదీలతో సహా రాసుకున్నారు, అందుకే ఆ అంకెను నమ్మాను. మూడు షెడ్లు తిరిగారు. ఆక్సిజన్ సెన్సార్ మార్చారు, ఈ కూలెంట్ సెన్సార్ మార్చారు, ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు. బిల్లులన్నీ క్లిప్పు పెట్టి తెచ్చారు. ‘నాయనా, నేను ఇంకేం మార్చాలో చెప్పు, మార్చేస్తాను’ అన్నారు. ‘ఏదీ మార్చొద్దు మాస్టారూ, రాత్రికి బండి ఇక్కడే వదిలేయండి’ అన్నాను.

రాత్రికి ఎందుకంటే, పూర్తిగా చల్లారిన ఇంజన్ చెప్పే నిజం వేడి ఇంజన్ చెప్పదు. పొద్దున ఏడింటికి, స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, ఈసీయూకు అందే అంకెలు చదివే స్కానర్ పెట్టాను. కూలెంట్ 28 డిగ్రీలు, లోపలికి వచ్చే గాలి 28 డిగ్రీలు. రాత్రంతా నిలబడ్డ కారులో ఈ రెండూ దాదాపు ఒక్కటే ఉండాలి. ఒకటి 28, ఇంకోటి 5 చూపిస్తే అక్కడ సెన్సార్‌నో వైరింగ్‌నో అనుమానించాలి. ఇక్కడ రెండూ సరిపోయాయి. స్టార్ట్ చేసి, మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని వారధి దాటి మంగళగిరి వైపు హైవే ఎక్కాను. స్కానర్ చూడటానికి మా కుర్రాడు వెనక సీట్లో ఉన్నాడు.

పదిహేను నిమిషాలు దాటింది. కూలెంట్ 58. ఇంకో అయిదు కిలోమీటర్లు, 62. 63 దగ్గర ఆగిపోయింది. ట్రాఫిక్‌లో ఆగితే 74కి ఎక్కింది. మళ్ళీ కదిలి రేడియేటర్‌కు గాలి తగలగానే 64కి దిగింది. మన ఎండలో, నిండుగా నడుస్తున్న ఇంజన్ 63 డిగ్రీలు! అది 85, 90 మధ్య నిలబడాలి.

తిరిగొచ్చి, ఇంజన్ చల్లారాక థర్మోస్టాట్ హౌసింగ్ రెండు బోల్టులూ విప్పాను. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వ్ లోపల లేదు. గూడుంది, పిట్ట లేదు. అప్పుడు మాస్టారికి గుర్తొచ్చింది. కిందటి మే నెలలో బండి హీటెక్కితే ఒకచోట చూపించారట. ‘మన ఎండలకు ఈ వాల్వ్ ఎందుకండీ, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది’ అని తీసేశారట. ఆ రోజు హీటెక్కడానికి అసలు కారణం రేడియేటర్ ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే స్విచ్చు, ఫ్యాన్ రిలే. దాని కాంటాక్టులు కాలి ఉన్నాయి, తర్వాత నేను చూశాను.

ఈ అలవాటు మన దగ్గర ఎంత పాతుకుపోయిందో ఇక్కడి పెద్ద మేస్త్రీలకు తెలుసు. కార్బురేటర్ రోజుల్లో వాల్వ్ తీసేసినా ఏదోలా నడిచిపోయేది. ఈసీయూ ఉన్న కారులో అలా కుదరదు. ఇంజన్ చల్లగా ఉందన్న కబురు వస్తే ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. చలికి సరిగ్గా ఆవిరి కాని పెట్రోల్ గోడలకు అంటుకుంటుంది కాబట్టి ఆ లోటు భర్తీ చేయడానికి అలా చేస్తుంది. 70, 80 డిగ్రీలు దాటాకే ఆ అదనపు పోత పూర్తిగా ఆగుతుంది. మాస్టారి కారు ఏడాది పొడుగునా ఆ గీత దాటలేదు. పైగా చల్లటి ఇంజన్లో ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. కాలని పెట్రోల్ ఆయిల్లోకి దిగుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ఆ నల్లటి ప్లగ్గులు చూసే ఆక్సిజన్ సెన్సార్ మార్చారు. కూలెంట్ సెన్సార్ మాత్రం మొదటి నుంచీ నిజమే చెప్తోంది. ‘అయ్యా, ఇంజన్ చల్లగా ఉంది’ అని.

82 డిగ్రీలని చెక్కి ఉన్న కొత్త వాల్వ్, గ్యాస్‌కెట్ వేశాం. వేసేముందు వాల్వ్‌ను గిన్నెలో నీళ్ళు పోసి మరిగిస్తూ, సరిగ్గా 82 దగ్గర నోరు తెరుస్తుందో లేదో మాస్టారికి చూపించాను. ఆయన చిన్నపిల్లాడిలా వంగి చూశారు. ఫ్యాన్ రిలే మార్చి, కూలెంట్ కొత్తది పోసి, గాలి బుడగలు తీసేశాం. అన్నీ కలిపి, ఆయన అంతకుముందు ఒక్క సెన్సార్‌కు పెట్టిన డబ్బులో సగం కూడా కాలేదు. మైలేజీ 15.1కి వచ్చింది.

నేను అక్కడితో ఆగలేదు. 15.1 కంటే ఎక్కువ రావాలి కదా. ఇంకోసారి తిప్పి, బ్రేకు తక్కువ వాడి, బండిని దానంతట అదే ఆగేలా వదిలాను. దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. ముట్టుకోవద్దు, రెండంగుళాల దూరంలో పెడితే చాలు. కుడి ముందు చక్రం సెగలు కక్కుతోంది. క్యాలిపర్ గైడ్ పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది, బ్రేక్ ప్యాడ్ డిస్కును వదలడం లేదు. పిన్ను తీసి శుభ్రం చేసి, వేడికి తట్టుకునే గ్రీజు రాసి బిగించాం. 16.3 వచ్చింది. బ్రేకు పట్టుకుందని చెప్పే సెన్సార్ ఆ కారులో లేదు. అరచేతికే తెలుస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి మీకు. ఇంజన్ ఏడాది పాటు చల్లగా నడిస్తే చెక్ ఇంజన్ లైటు ఎందుకు వెలగలేదు? మన దేశంలో భారత్ స్టేజ్ 4తో పాటు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ, అంటే కారు తన లోపాలను తానే కనిపెట్టే ఏర్పాటు, మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి. మొదటి దశలో ఈసీయూ ప్రధానంగా చూసేది సెన్సార్ వైరు తెగిందా, షార్టయిందా అని. ‘ఇంజన్ ఇంతసేపైనా వేడెక్కలేదేంటి’ అని విచారించే తెలివి చాలా పాత కార్లలో లేదు. కొత్తవాటిలో అయితే అదే లోపానికి పీ0128 అనే కోడ్ వస్తుంది. కాబట్టి పాత కారులో లైటు వెలగలేదంటే అంతా బాగున్నట్టు కాదు. లైటు వెలిగి కోడ్ వచ్చినా, ఆ కోడ్‌లో పేరున్న సెన్సారే దోషి కానక్కర్లేదు.

ఈ రెండో ముక్క ఆక్సిజన్ సెన్సార్ విషయంలో బాగా అర్థమవుతుంది. సైలెన్సర్ పైపులో ఉండే ఈ సెన్సార్ 300 డిగ్రీలు దాటాక పని మొదలుపెడుతుంది. పొగలో ఆక్సిజన్ మిగిలితే, అంటే పెట్రోల్ తక్కువైతే 0.1 వోల్టు, పెట్రోల్ ఎక్కువైతే 0.9 వోల్టు ఇస్తుంది. వేడెక్కిన ఆరోగ్యమైన ఇంజన్లో ఇది కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. స్కానర్లో గ్రాఫ్ పెట్టి చూడండి, నాడి కొట్టుకున్నట్టే కనిపిస్తుంది.

ఒక కారు వచ్చింది. పీ0171, అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని కోడ్. ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజీ 0.1 దగ్గరే పడుకుంది. దాన్ని బట్టి ఈసీయూ పెట్రోల్ పెంచుతూ పోయింది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 18. అంటే మామూలు లెక్క కంటే 18 శాతం ఎక్కువ పోస్తోంది. అయినా సెన్సార్ చాలలేదనే అంటోంది. అప్పటికే ఒకచోట కొత్త సెన్సార్ వేశారు. కొత్త సాక్షి కూడా అదే మాట చెప్పాడు.

పొద్దున చల్లగా స్టార్ట్ చేసి చెవి ఒగ్గితే టిక్ టిక్ టిక్ అని సన్నగా వినిపించింది. ఇంజన్ వేడెక్కగానే ఆ శబ్దం పోయింది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్‌కెట్ ఒకచోట కాలింది, పక్కన మసి చార ఉంది. పొగ బయటికి పోవడమే కాదు, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి సెన్సార్ పెట్రోల్ తక్కువైందంటోంది. గ్యాస్‌కెట్ మార్చాం, ట్రిమ్ ప్లస్ 4కి దిగింది. ఇలాంటి కార్లకు బ్యాటరీ వైరు పీకి పెడితే రెండు రోజులు బాగుంటాయి, నేర్చుకున్న ట్రిమ్ చెరిగిపోతుంది కాబట్టి. మళ్ళీ నేర్చుకోగానే మొదటికొస్తాయి. అందుకే బ్యాటరీ పీకేముందు, కోడ్ చెరిపేముందు, కోడ్ పడినప్పటి వేగం, వేడి, లోడ్ చూపించే ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫోనులో ఫొటో తీసుకోండి. చెరిపేస్తే ఆ ఆధారం పోతుంది.

ట్రిమ్ గురించే ఇంకో మాట, ఈ మధ్య అందరూ అడుగుతున్నారు కాబట్టి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్ కాలడానికి గాలి తక్కువ చాలు, ఒక పాలుకు 9 పాళ్ళు. లీటరుకు శక్తి కూడా పెట్రోల్‌తో పోలిస్తే మూడింట రెండొంతులే. అందువల్ల ఈ20కి మిశ్రమం లెక్క 14.7 నుంచి 13.5 దగ్గరికి దిగుతుంది. పాత లెక్కలతో తయారైన కారులో ఈసీయూ ఆ తేడాను ట్రిమ్‌తో సర్దుకుంటుంది. పాత కారులో ప్లస్ 6, ప్లస్ 8 కనిపిస్తే ముందు ఇంధనాన్ని గుర్తుచేసుకోండి, సెన్సార్ మీద పడకండి. ఈ10కు తగ్గట్టు సర్దిన పాత కార్లకు మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. 16 ఇచ్చే కారు 15 ఇస్తే దానికి ఏ షెడ్డులోనూ మందు లేదు. కానీ 16 ఇచ్చేది 12కి పడిపోతే అది ఇథనాల్ పని కాదు, వెతకాలి.

మ్యాప్ సెన్సార్‌కు చాలా సులువైన పరీక్ష ఉంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే అది బయటి గాలి ఒత్తిడినే చూపించాలి. మన విజయవాడలో 100 కిలోపాస్కల్‌కు అటూఇటూ. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ 95 వస్తుంది, అది తప్పు కాదు. స్టార్ట్ చేసి, వేడెక్కాక ఏసీ ఆపి ఐడ్లింగ్‌లో చూస్తే చాలా కార్లలో 30, 40 మధ్య ఉండాలి. 50 దాటితే సెన్సార్ విప్పకండి. వ్యాక్యూమ్ పైపు పగిలిందేమో, మధ్యలో టైమింగ్ బెల్ట్ మార్చినప్పుడు ఒక పన్ను తప్పిందేమో చూడండి. ఒక్క పన్ను తప్పినా ఇంజన్ పీల్పు తగ్గుతుంది. ఒత్తిడి ఎక్కువుందని ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. సెన్సార్ చెప్పింది నిజమే, బెల్ట్ వేసినవారే చూసుకోలేదు.

పాత కార్లలో పెట్రోల్ రైలు, అంటే ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే పైపు మీద ప్రెషర్ రెగ్యులేటర్ ఉంటే దాని వ్యాక్యూమ్ పైపు తీసి వాసన చూడండి. లోపల పెట్రోల్ తడి ఉంటే డయాఫ్రమ్ చిరిగింది. ఇక వెతకక్కర్లేదు.

వైర్ల గురించి కుర్రాళ్ళకు ప్రత్యేకంగా చెప్తున్నాను. సెన్సార్‌ను విప్పేముందు కప్లర్ దగ్గర కొలవండి. చాలా సెన్సార్లకు ఈసీయూ నుంచి 5 వోల్టులు రావాలి, ఎర్త్ గట్టిగా ఉండాలి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య అల్లిక ఎర్త్ కేబుల్ ఉంటుంది. సముద్రం పక్కన మచిలీపట్నం, బాపట్ల వైపు తిరిగే కార్లలో అది పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. మీటర్‌ను వోల్టుల్లో పెట్టి, ఇంజన్ నడుస్తూ లైట్లు, ఏసీ వేసి, ఒక ప్రోబు ఇంజన్ బ్లాకు మీద, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. 0.1 వోల్టు దాటకూడదు. దాటితే ఆ ఒక్క కేబుల్ వల్ల నాలుగు సెన్సార్లు తప్పు కబురు చెప్తుంటాయి. చేల పక్కన పెట్టే కార్లలో ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూడాలి. పైకి తొడుగు బాగానే ఉంటుంది, అడుగున తిప్పితేగానీ కనబడదు.

చచ్చిన ఆ 6 సెన్సార్ల సంగతీ చెప్పాలి. మూడు ఆక్సిజన్ సెన్సార్లకు లోపలి హీటర్ తెగింది. మీటర్‌తో హీటర్ పిన్నుల మధ్య ఓమ్స్ చూస్తే తెలిసిపోయింది. ఒకటి ఇంజన్ ఆయిల్ కాలి పూత పట్టింది. అలాంటి చోట కొత్తది వేసినా, ఆయిల్ తాగడం ఆపకపోతే అదీ పోతుంది. రెండు కూలెంట్ సెన్సార్లు వేడినీళ్ళలో పెట్టినా కదల్లేదు. మార్చాల్సినప్పుడు మార్చాల్సిందే, వద్దనడం లేదు. మార్చేముందు యజమాని కళ్ళ ముందు కొలిచి, ఆ అంకె బిల్లు మీద రాయండి. మా షెడ్డులో అలాగే రాస్తాం.

ఇంక మాటలు చాలు. బయట ఎనిమిది కార్లున్నాయి. పొద్దున్నుంచి స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పిన రెండు కార్లతో మొదలుపెడదాం. తమ్ముళ్ళూ, ఇద్దరిద్దరుగా విడిపోండి. ఒకరు స్కానర్, ఒకరు మీటర్. ముందు కీ మాత్రం ఆన్ చేసి కూలెంట్, గాలి, మ్యాప్ మూడు అంకెలూ చదివి నాకు చెప్పండి. రేడియేటర్ మూతల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి, కొన్ని ఇంజన్లు ఇంకా వేడిగా ఉన్నాయి. పదండి.